మూడో రోజు మచ్చ

నిమ్మకాయకు కోపం ఆలస్యంగా వస్తుంది. ఇవాళ గట్టిగా నొక్కితే ఇవాళేమీ అనదు, రేపూ అనదు. మూడో రోజు పొద్దున చూస్తే తొక్క మీద చిన్న గుంట, దాని చుట్టూ గోధుమరంగు మచ్చ. అప్పటికి నొక్కిన మనిషికి నొక్కిన సంగతే గుర్తుండదు. అందుకే నిమ్మకాయల షెడ్డులో తగాదాలన్నీ ఆలస్యంగానే మొదలవుతాయి.

ఆ మంగళవారమూ అంతే. హోటళ్ళకు పంపిన పెట్టెలు నలభై వెనక్కి వచ్చి షెడ్డు గుమ్మంలో దిగాయి. యజమాని ఒక పెట్టె మూత ఊడదీసి, కాగితం విప్పి, కాయను వెలుతురుకు పట్టి చూశాడు. మచ్చ. ఇంకోటి విప్పాడు. మచ్చ. మూడోది విప్పకుండానే పెట్టె మీద సుద్దతో గీసిన గుర్తు చూశాడు. గట్టు తోట కాయ.

"తడికోత," అన్నాడు.

ఆ ఒక్క మాటకు షెడ్డులో పనంతా ఆగిపోయింది. వానకో మంచుకో తడిసిన కాయను తొక్క ఆరకముందే కోస్తే, చెయ్యి తగిలినచోటల్లా తొక్కలోని సన్నటి నూనె బొట్లు చిట్లి సరిగ్గా ఇలాంటి మచ్చలే పడతాయి. తడికోత కోసినవాడి కాయను ఆ ఏడాదంతా గేటు లోపలికి రానివ్వరు. చుట్టుపక్కల ఇంకో షెడ్డు లేదు. ఇక ఆ కాయ చెట్టు మీదే పండి, చెట్టు కిందే రాలిపోవాలి.

ఆ షెడ్డులో ఎత్తయిన స్టూలు ఒకటే ఉంది. దాని మీద కూర్చునే మనిషిని ఎవరూ పేరుతో పిలవరు, పెద్దచెయ్యి అంటారు. ఇప్పటి పెద్దచెయ్యి ఇరవై ఆరేళ్ళుగా ఆ స్టూలు దిగలేదు. తోటల నుంచి వచ్చిన కాయ మొదట ఆమె చేతిలోనే పడాలి. బొటనవేలు ఒకపక్క, మూడు వేళ్ళు ఇంకోపక్క, మధ్యలో కాయ, ఒక్క నొక్కు. వెంటనే బజారుకు పోవలసింది ఎడమ తట్టలోకి, నెలల తరబడి నిలవ ఉండేది కుడి తట్టలోకి, పిండుకోవడానికి తప్ప పనికిరానిది కాళ్ళ దగ్గరి గంపలోకి. ముచ్చిక ఊడిన కాయ నిలవకు పనికిరాదు, ఊడినచోటే బూజు పడుతుంది. తొక్క గరుకుగా, మందంగా ఉంటే రసం తక్కువ. పలచగా, నునుపుగా ఉండి చేతికి బరువనిపిస్తే లోపల నిండుగా ఉన్నట్టు. ఇదంతా కళ్ళతో చూసి చెప్పగలిగినవాళ్ళు పదిమంది దొరుకుతారు. కానీ వాన వెలిసిన మర్నాడు కాయ పైకి పొడిగానే ఉంటుంది, లోపల మాత్రం నీళ్ళు పట్టి బిగిసి ఉంటుంది. దాన్ని వేలే కనిపెట్టాలి. అలాంటి కాయ తగలగానే పెద్దచెయ్యి "రేపు" అనేది. దాన్ని గోనెల మీద పరిచి ఒకరోజు వాడనిచ్చేవాళ్ళు. మిగిలిన నలుగురు ఆడవాళ్ళూ ఆమె ఏరినవాటిని కాగితాల్లో చుట్టి పెట్టెలకు ఎత్తుతారు. వాళ్ళు కాయను నొక్కరు, నొక్కకూడదు.

తగాదా వస్తే తీర్పూ ఆమెదే. రైతుల ఎదుట, యజమాని ఎదుట కాయను అడ్డంగా కోసి, చూసి, ఒక మాట చెప్పాలి. ఆ మాట మీద ఇంకో మాట ఉండదు.

నాలుగు నెలలుగా ఆ చేతి వేళ్ళ కొసలకు స్పర్శ సరిగా తెలియడం లేదన్న సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. మొదట చలి వల్ల అనుకుంది. చలి పోయింది, అది పోలేదు. కళ్ళున్నాయి, అనుభవం ఉంది, బండి నడుస్తోంది కదా అని సర్దిచెప్పుకుంది. స్టూలు దిగితే తానెవరో ఆమెకు నిజంగా తెలియదు. ఇంట్లో మొగుడు కూడా ఆమెను పెద్దచెయ్యి అనే పిలుస్తాడు, సగం వెక్కిరింతగా, సగం గొప్పగా.

గట్టు తోట రైతుకు కబురు వెళ్ళింది. మధ్యాహ్నానికి చెప్పుల నిండా మట్టితో వచ్చాడు. యాభై దాటిన మనిషి, అవసరమైతే తప్ప నోరు విప్పడు. కోతకు ముందురోజు రాత్రి వాన పడ్డ మాట నిజమేనని, ఎండెక్కి తొక్కలు ఆరేదాకా కత్తెర ముట్టలేదని, కావాలంటే ఇంటికొచ్చి అడగమని చెప్పాడు. ఇంట్లోవాళ్ళు ఇంకెలా చెబుతారులే అన్నాడు యజమాని. ఎవరో నవ్వారు. రైతు ముఖం కందగడ్డ అయింది. గురువారం పొద్దున పదింటికి తీర్పు కోత పెట్టుకుందాం అన్నారు.

రైతు వెళ్ళాక యజమాని స్టూలు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"గురువారం ఎక్కువసేపు చూడకు పెద్దమ్మా. హోటలువాళ్ళకు నేనేదో ఒక కారణం రాసి పంపాలి. ఒక్క మాట అనేసెయ్యి, పని చూసుకుందాం."

పెద్దచెయ్యికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో తన నోట్లో మాట పెట్టినవాడు లేడు. పక్కన కాగితాలు చుడుతున్న అమ్మాయి కూడా ఆ మాట విన్నట్టుంది, తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. ఆ అమ్మాయిని అందరూ గలగల అంటారు, నోరు మూతపడదు కాబట్టి. బిడ్డకు జ్వరమని నాలుగు రోజులు సెలవు పెట్టి ముందురోజే వచ్చింది. పెద్దచెయ్యికి ఆ పిల్లంటే పెద్దగా పడదు. ఆమె దృష్టిలో గలగల ఒట్టి పనిదొంగ. కాస్త వాన పడితే చాలు, కాగితాలు రాలేదనో, నడుం పట్టేసిందనో, ఏదో ఒకటి చెప్పి పని మర్నాటికి తోస్తుంది. అలాంటి గలగల ఆ రోజు పొద్దుట్నించి ఒక్క మాట మాట్లాడలేదు. బిడ్డ బెంగ కాబోలు అనుకుంది పెద్దచెయ్యి. ఇంటికి వెళ్ళేటప్పుడు మచ్చల కాయలు రెండు సంచీలో వేసుకుంది.

*

ఇంటికొచ్చి చేపముక్కలు వేయించింది. నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది, దించాకే పిండాలి. దించి, ఒక కాయను రెండు చెక్కలు చేసి, వేళ్ళ సందుల్లో గింజలు ఆపుకుంటూ ముక్కల మీద పిండింది. యజమాని మాటలు ఇంకా చెవిలో జోరీగలా తిరుగుతున్నాయి. ఆ విసురంతా నిమ్మచెక్క మీద చూపించింది.

"ఏమే పెద్దచెయ్యీ, చేప ఇంకా బతికే ఉందా?" అన్నాడు మొగుడు గుమ్మంలోంచి. సైకిళ్ళు బాగుచేసే మనిషి, నల్లటి చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. "రక్తం కారుతోంది."

చూసుకుంది. మధ్యవేలి కొస నిలువునా తెగి ఉంది. కాయను కోసినప్పుడే తెగి ఉంటుంది. తెగినచోటి మీదుగానే రసం కారి పళ్ళెంలో పడుతోంది.

"మంట పుట్టలేదా?" అన్నాడు.

"పుట్టింది."

ఆయన ఇంకో వేళాకోళం ఆడబోయి ఆగిపోయాడు. గుడ్డపేలిక చింపి కట్టు కట్టాడు. కట్టు బిగించేటప్పుడు ఒకసారి వేలి కొసను గట్టిగా నొక్కి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె గోడవైపు చూస్తోంది. ఆయన కూర్చుని, చేపముక్కల్లో ముళ్ళు ఒక్కొక్కటే ఏరి, ఏరిన ముక్కలు ఆమె పళ్ళెంలో వేశాడు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో ఆయన ఆ పని చెయ్యడం అదే మొదలు. ఆమె తలెత్తకుండా తింది.

*

బుధవారం మధ్యాహ్నం సెలవడిగి గట్టు తోటకు నడిచింది. తీర్పు చెప్పేముందు తోట చూడాలన్న నియమమేమీ లేదు. యజమాని తొందర చూశాక ఆమెకు పంతం పుట్టింది, అంతే.

రైతు చెట్ల మధ్య ఉన్నాడు. ఆమెను చూసి కత్తెర దించలేదు, కోస్తూనే మాట్లాడాడు. ముళ్ళ మధ్యకు చెయ్యి పోనిచ్చి, అరచేయి కాయ కింద పట్టి, ముందు కాడను పొడుగ్గా కత్తిరించాడు. కాయ బయటికొచ్చాక మిగిలిన కాడను ముచ్చిక దాకా మళ్ళీ కత్తిరించాడు, పక్క కాయకు గుచ్చుకోకుండా. గంప లోపల పాత దుప్పటి కుట్టి ఉంది. కాయను అందులో వెయ్యలేదు, పెట్టాడు. పెద్దచెయ్యి ఇరవై కాయలు కోసేదాకా చూసింది. అతను ఒక్కదాన్నీ వేళ్ళతో పట్టలేదు.

ఆ చెట్లు వాళ్ళ తాత నాటినవట. తాతకు మొక్కలిచ్చినవాడు ఓడల మీద పనిచేసి వచ్చినవాడట. పూర్వం నెలల తరబడి నీళ్ళ మీద ఉండేవాళ్ళకు చిగుళ్ళు వాచి రక్తం కారుతుంటే, ఓడలో నిమ్మకాయలు ఉన్నవాళ్ళే పళ్ళూడకుండా ఇల్లు చేరేవాళ్ళని అతను చెప్పేవాడట. పెద్దచెయ్యికి తనకు పని నేర్పిన మేనత్త గుర్తొచ్చింది. నిమ్మచెట్టు ఏ అడవిలోనూ దానంతటది పుట్టలేదని, పుల్లనారింజా మాదీఫలమూ కలిస్తే వచ్చిందని, దాన్ని ఇంతదూరం మోసుకొచ్చింది మనుషుల చేతులేనని ఆవిడ అనేది. అందుకే దానికి చెయ్యి గుణం తెలుస్తుందనేది. ఆ మాట రైతుకు చెబితే తల ఊపాడు.

ఇంటి వెనక చల్లటి గదిలో ఇసుక పోసిన చెక్కతొట్టి ఉంది. పోయిన గురువారం కోసినవాటిలో ఒక గంప ఇంటికని ఉంచుకున్నారట. రైతు ఇసుక పక్కకు తోసి కాయలు ఒక్కొక్కటే పైకి తీశాడు. అదే తోట, అదే రోజు, అదే కత్తెర. పెద్దచెయ్యి కిటికీ దగ్గర నిలబడి ముప్ఫై కాయలు చూసింది. ఒక్క మచ్చ లేదు.

రైతు భార్య ఉప్పు వేసిన నిమ్మనీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, నిన్నటి నుంచి ఇరుగుపొరుగు తమతో మాట్లాడటం లేదని చెప్పి కళ్ళు తుడుచుకుంది. రైతు ఆమెను కసిరాడు.

"ఎవరేమనుకుంటే నాకేంటక్కా," అన్నాడు. "రేపు కోసి చెప్పేది నువ్వు. నాకది చాలు."

తిరిగి వస్తున్నంతసేపూ పెద్దచెయ్యికి కాళ్ళనొప్పి తెలియలేదు. మచ్చ పడింది షెడ్డులోనే. బస్తాలెత్తేవాళ్ళు గంపలు ఎత్తి కుదేసి ఉంటారు. ఆ ఇద్దరిలో చిన్నవాడు మరీ మోటు. ఇవాళ్టిదాకా యజమానికి ఎదురుచెప్పినవాళ్ళు లేరు, రేపు తాను చెప్పబోతోంది. ఆ హుషారులో ఇంటి మలుపు దాటి రెండు వీధులు ముందుకు పోయింది.

*

గురువారం అందరికంటే ముందే షెడ్డుకు వచ్చింది. బస్తాలెత్తేవాడు కుదేస్తే గంప అడుగున ఉన్న కాయలకే మచ్చ పడాలి, ఒకవైపే పడాలి. అది చూపిస్తే యజమాని నోరు మూతపడుతుంది. పెట్టె విప్పి, ఇరవై కాయలు కాగితాలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది.

మచ్చ ఒకవైపే లేదు. ప్రతి కాయకూ ఒకపక్క ఒకే ఒక పెద్ద మచ్చ, ఎదురుపక్క చిన్నవి మూడు, దగ్గరదగ్గరగా, వాలుగా. మొదటి కాయ మీద చూసింది. రెండోదాని మీద చూసింది. ఆరో కాయ దగ్గర ఆమె చెయ్యి దానంతటదే లేచి, ఇరవై ఆరేళ్ళుగా పట్టినట్టే కాయను పట్టుకుంది. పెద్ద మచ్చ బొటనవేలి కిందికి వెళ్ళిపోయింది. చిన్నవి మూడూ మూడు వేళ్ళ కిందికి వెళ్ళిపోయాయి. ఒక్కటి కూడా బయట మిగల్లేదు.

ఇంకో కాయ పట్టుకుంది. ఇంకోటి. ఆ రోజు కాయలు బిగిసి ఉన్న సంగతి వేళ్ళు చెప్పలేదు. ఏమీ తెలియక ఇంకాస్త నొక్కి ఉంటుంది. నాలుగు నెలలుగా ఇంకాస్త, ఇంకాస్త అంటూనే ఉంది కాబోలు.

"పిన్నీ."

గలగల తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. దగ్గరికొచ్చి, బల్ల మీది కాయలను మళ్ళీ కాగితాల్లో చుట్టడం మొదలుపెట్టింది. గబగబా చుడుతోంది.

"నీకు తెలుసా?" అంది పెద్దచెయ్యి.

"రెండు నెలల కిందట నీ వేలికి ముల్లు గుచ్చుకుంది పిన్నీ. పొద్దున గుచ్చుకున్నది సాయంత్రం దాకా అలాగే ఉంది. నువ్వు తియ్యలేదు. నీకు తెలియనే లేదు."

ఆ తర్వాత గలగల చెప్పిందంతా ముక్కలు ముక్కలుగా వినపడింది. వాన పడ్డ రోజుల్లో కాగితాలు దాచేసింది తానేనట. నడుం నొప్పన్నదీ, పెట్టెలకు మేకులు లేవన్నదీ, ఏదో ఒక వంకతో పని మర్నాటికి తోస్తే కాయ వాడుతుందని. మొన్న బిడ్డకు జ్వరం రాకపోతే ఆ రోజు కూడా ఏదో ఒకటి చేసి ఉండేదట.

తాను పనిదొంగ అన్న ప్రతిసారీ ఈ పిల్ల నవ్వేసి ఊరుకుంది. పెద్దచెయ్యికి తల కొట్టేసినట్టయింది. సిగ్గుకంటే ముందు కోపం వచ్చింది, రెండు నెలలుగా తనమీద జాలిపడిన మనిషి మీద కోపం. నాకెందుకు చెప్పలేదని అడిగింది.

"చెబితే స్టూలు దిగేదానివా?"

గలగల చివరి కాయ చుట్టి పెట్టెలో పెట్టింది.

"కోత పొడిదే అని ఒక్క మాట అను పిన్నీ. రైతు బయటపడతాడు. మచ్చ ఎలా పడిందంటే తెలియదను. నిన్నెవరు అడుగుతారు?"

అది అబద్ధం కూడా కాదు. పెద్దచెయ్యి ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా దోషం కనపడలేదు. అదే ఆమెను భయపెట్టింది.

*

పదింటికి పాతికమంది రైతులు వచ్చారు. గట్టు తోట రైతు ఉతికిన చొక్కా వేసుకుని ముందు నిలబడ్డాడు. యజమాని పీట వేయించి, పీట మీద కాయలు పది పోయించాడు. పెద్దచెయ్యి స్టూలు దిగి వచ్చి కత్తి తీసుకుంది.

మొదటి కాయను అడ్డంగా కోసింది. పది తొనలూ చక్రంలా విచ్చుకున్నాయి. రసం పీట మీదికి కారింది. లోపలి తెల్లపొర శుభ్రంగా ఉంది. తడికోత అయితే ముచ్చిక చుట్టూ తెల్లపొర కమిలి ఉంటుంది. ఇంకో నాలుగు కోసింది. యజమాని గడియారం చూసుకుంటున్నాడు.

"కోత పొడిదే," అంది. "గట్టు తోట తప్పు లేదు."

రైతు ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. యజమాని మెడ ఎర్రబడింది కానీ కోత మాట మీద మాట లేదు. గలగల ఆమెనే చూస్తోంది. ఇంక అక్కడితో అయిపోయేదే.

"సరే," అన్నాడు యజమాని. "అయితే ఇది మన షెడ్డువాళ్ళ పనేనన్నమాట." బస్తాలెత్తే ఇద్దరివైపూ తిరిగాడు. చిన్నవాణ్ణి వేలు పెట్టి చూపించాడు. ఎన్నిసార్లు చెప్పాను నీకు గంపలు మెల్లగా దించమని, అని మొదలుపెట్టి, రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. ఆ మనిషి తాను కుదెయ్యలేదని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాడు. ముందురోజు దారి పొడుగునా పెద్దచెయ్యి అతన్నే అనుకుంది, ఇంచుమించు అవే మాటల్లో.

"అతను కాదు," అంది.

అందరూ ఇటు తిరిగారు. ఆమె కొయ్యని కాయ ఒకటి తీసుకుని, పైకెత్తి, వేళ్ళు మచ్చల మీద పెట్టి చూపించింది. దగ్గరున్నవాళ్ళకు అర్థమైంది. దూరంగా ఉన్నవాళ్ళ కోసం నోటితో చెప్పింది.

"మచ్చ నా చేతిది. నాకు వేళ్ళు మొద్దుబారాయి. నాలుగు నెలలైంది. ఎవరికీ చెప్పలేదు."

యజమాని మొదట నమ్మలేదు, తర్వాత గొంతు చించుకున్నాడు. పదిమందిలో షెడ్డు పరువు తీశావన్నాడు. ఆమె అన్నిటికీ తల ఊపింది. నడుముకు కట్టుకున్న గోనెపట్టా విప్పి మడతపెట్టి స్టూలు మీద ఉంచింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఒళ్ళు తేలికైంది. ఆ తేలికదనం ఆమెకు కాస్త గొప్పగా కూడా అనిపించింది, ఆ మాట దాచడం ఎందుకు. రైతు తనవైపు వస్తుంటే చేతులు పట్టుకుంటాడనుకుంది.

రైతు చేతులు పట్టుకోలేదు. ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నాలుగు నెలలా?" అన్నాడు.

"నాలుగు."

"మరి ఈ నాలుగు నెలల్లో నువ్వు వెనక్కి పంపిన కాయల సంగతేంటక్కా? అవన్నీ నిజంగా పనికిరానివేనా?"

రైతుల్లో ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకడు ముందుకు రాబోయి ఆగాడు. పెద్దచెయ్యి ఆ ముఖాలను ఒక్కొక్కటే చూసింది. ఎవరి గంపలు ఎప్పుడు కాలితో పక్కకు జరిపిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది.

"నాకు తెలియదు," అంది. "అంతకుముందువి నిజం. ఆ తర్వాత నాకే తెలియదు."

"వాగవతలి ముసలమ్మ కాయ?"

గుర్తుంది. ఒంటరి మనిషి, ఒంటెద్దు బండి మీద తెచ్చింది. నొక్కితే రాయిలా అనిపించింది. రసం లేదు, చెట్లు ముదిరిపోయాయి అని చెప్పింది. కొయ్యకుండానే చెప్పింది. కోసి చూడమని ఆవిడ అడగలేదు, పెద్దచెయ్యిని ఎవరు అడుగుతారు. గంపలు మళ్ళీ బండికి ఎత్తుకుని వెళ్ళిపోయింది.

"వెళ్ళి చూస్తాను," అంది. "ఇప్పుడే వెళ్తాను. మళ్ళీ కోసి చూస్తాను. అందరివీ చూస్తాను. ఈ పిల్లను వెంట తీసుకెళ్తాను, దాని వేళ్ళు బాగున్నాయి."

"ఇంకేం చూస్తావక్కా," అన్నాడు రైతు. అతని గొంతులో కోపం లేదు. "నువ్వు ముదిరాయన్నాక ఆవిడ చెట్లు కొట్టించేసింది. పోయిన నెలే."

పెద్దచెయ్యి వెనక్కి జరిగింది, కాలు పీటకు తగిలింది. కోసిన చెక్కలు కింద పడ్డాయి. గలగల దగ్గరికొచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది, ఆమె విడిపించుకోలేదు.

"ఆవిడ ఇల్లుంది కదా?" అంది పెద్దచెయ్యి.

"ఉంది."

"ఎటువైపు?"

రైతు గేటు దాకా వచ్చి, దారి చూపించి, వాగు దగ్గర నీళ్ళు మోకాళ్ళ లోతు ఉంటాయి, ఎడంపక్క నుంచి దాటమని చెప్పాడు. పెద్దచెయ్యీ గలగలా అటు నడిచారు.